బీడీ రూపాయికి, మానిపించే మందు పది రూపాయలకా? ఆరోగ్య శాఖకు ఆదోని నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి, కేంద్ర, రాష్ట్ర ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు, కర్నూలు జిల్లా ప్రజాప్రతినిధులకు,

నమస్కారం.

నేను ఆదోనిలో ఇరవై రెండేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. పత్తి మార్కెట్ యార్డు గేటుకు ఎదురు వీధిలో నా షాపు. పొగ మానడానికి పనికొచ్చే మందులు బీడీ తాగే పేదలకు అందడం లేదని, ఈ విషయంలో ప్రభుత్వం చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయని రాసి, గత ఏడాదిన్నరలో మూడుసార్లు అర్జీ పెట్టాను. మొదటిసారి రసీదు ఇచ్చారు. రెండోసారి ఫోనుకు ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని సందేశం వచ్చింది. ఏమి పరిష్కరించారో తెలుసుకుందామని మూడోసారి వెళ్తే, ఇది మా పరిధిలోది కాదన్నారు. ఎవరి పరిధిలోదో మాత్రం చెప్పలేదు. ఆ పరిధి ఎవరిదైనా వారి కంట పడుతుందని ఈసారి అందరి ముందూ రాస్తున్నాను.

ఒక సంగతి ముందే ఒప్పుకుంటాను. ఆ మందుల్లో ఒకటైన నికోటిన్ గమ్ (నమిలే మందు) అమ్మితే నాకు లాభం వస్తుంది. ఈయన తన వ్యాపారం కోసం రాస్తున్నాడని ఎవరైనా అనుకోవచ్చు. కింద నేను పెట్టిన మొదటి డిమాండు నెరవేరితే ఆ గిరాకీ నా షాపు మెట్లు ఎక్కదు. అది చదివాక నా ఉద్దేశం గురించి మీరే ఒక నిర్ణయానికి రండి.

యార్డు లోపల బీడీ ముట్టించనివ్వరు. దూది బోరాల మధ్య ఒక్క నిప్పురవ్వ పడితే లక్షల సరుకు బూడిదవుతుంది కాబట్టి ఆ నిబంధనను ఎవరూ కాదనరు. హమాలీలు బరువు దించగానే గేటు బయటికి వస్తారు. వరసగా నా షాపు అరుగు, టీ బంకు, దాని పక్కన పాన్ బంకు. తలకు చుట్టిన తువ్వాలు విప్పి దులిపితే దూది పొగలా లేస్తుంది. ఆ దుమ్ము పీల్చిన ఊపిరితిత్తుల్లోకే బీడీ పొగ వెళ్తుంది. సరుకును నిప్పు నుంచి కాపాడటానికి కాపలా ఉంది, బోర్డు ఉంది, జరిమానా ఉంది. ఆ సరుకు మోసే మనిషి ఊపిరిని కాపాడటానికి బీడీ కట్ట మీద ఒక బొమ్మ ఉంది. వీళ్లు కట్ట కొనరు, రెండు మూడు బీడీలు విడిగా కొంటారు. కాబట్టి ఆ బొమ్మ బంకువాడు మాత్రమే చూస్తాడు.

మనిషిని పొగకు కట్టిపడేసేది నికోటిన్. మనిషి ప్రాణం తీసేది ప్రధానంగా ఆకు కాలినప్పుడు పుట్టే తారు, కార్బన్ మోనాక్సైడ్, ఇంకా వేల రసాయనాలు. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉంటాయనీ, వాటిలో దాదాపు 70 క్యాన్సర్ కారకాలనీ తేలింది. జనం నికోటిన్ కోసం పొగ తాగుతారు గానీ తారు వల్ల చనిపోతారని బ్రిటన్ వైద్యుడు మైకేల్ రస్సెల్ 1976లోనే రాశారు. అంత మాత్రాన నికోటిన్ మంచిదని నేను అనడం లేదు. అది వదలని అలవాటు చేస్తుంది, రక్తపోటును, గుండె వేగాన్ని పెంచుతుంది, గర్భిణులు, పిల్లలు దాని దగ్గరికి పోకూడదు. కానీ నికోటిన్‌ను గమ్ రూపంలో బుగ్గన పెట్టుకోవడానికీ, కాల్చి ఊపిరితిత్తుల్లోకి లాగడానికీ మధ్య ఉన్న దూరం చాలా పెద్దది. ఆ దూరం మన విధానంలో ఎక్కడా కనిపించడం లేదన్నదే నా ఫిర్యాదు.

పొగ అనగానే మన అధికారుల కళ్ల ముందు సిగరెట్టు మెదులుతుంది. 2016-17లో జరిగిన గ్లోబల్ అడల్ట్ టొబాకో సర్వే ప్రకారం దేశంలో పదిహేనేళ్లు దాటినవారిలో 10.7 శాతం పొగ తాగుతారు. సిగరెట్టు తాగేవారు 4 శాతం, బీడీ తాగేవారు 7.7 శాతం. అంటే మన దేశపు పొగ ప్రధానంగా బీడీ పొగ. ‘ఆకు కదా సార్, సిగరెట్టంత చెడ్డది కాదు’ అని నాతో రోజుకొకరైనా అంటారు. బీడీలో పొగాకు తక్కువే. కానీ తునికాకు ఊరికే ఆరిపోతుంది. ఆరకుండా ఉండాలంటే మాటిమాటికీ, గట్టిగా పీల్చాలి. అందువల్ల ఒక్కో బీడీతో లోపలికి పోయే తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్టుతో పోలిస్తే తక్కువేమీ కావు, ఎక్కువే. ఇదే సర్వేలో పొగ తాగేవారిలో సగం మందికి పైగా మానేయాలనే ఆలోచన ఉందన్నారు. ముందటి ఏడాదిలో మానడానికి ప్రయత్నించామని 38.5 శాతం మంది చెప్పారు. మానాలన్న కోరిక జనంలో లేకపోతే ఈ లేఖ రాసే పనే ఉండేది కాదు.

ఇప్పుడు ఒక మనిషి గురించి చెబుతాను. పేరు రాయను. హమాలీ మేస్త్రి, యాభై దాటి ఉంటాడు. ముప్పై ఏళ్లుగా రోజుకు పాతిక బీడీలు. పొద్దున మొహం కడగక ముందే మొదటి బీడీ. ఆయాసం వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తే, బీడీ మానకపోతే ఇక నా దగ్గరికి రావద్దన్నారట. ఎలా మానాలో చెప్పలేదు. వరసలో వెనక ఇంకా నలభై మంది ఉన్నారు, ఆ డాక్టరును కూడా నేను తప్పుపట్టను. మేస్త్రి నా షాపుకు వచ్చి, ‘మానడానికి ఏదైనా గోళీ ఉందా అన్నా?’ అన్నాడు.

రెండు మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ షీటు చూపించాను. ధర విని కాసేపు ఆలోచించి నాలుగు కత్తిరించి ఇమ్మన్నాడు. ఇచ్చాను. పక్కన టీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఒక గమ్ నోట్లో వేసుకుని పిల్లలు బబుల్‌గమ్ నమిలినట్టు నమిలాడు. ఐదు నిమిషాలకు ఎక్కిళ్లు పట్టుకున్నాయి. గొంతు మండుతోందంటూ కాలువ పక్కకు వెళ్లి ఉమ్మేశాడు. తిరిగి వచ్చి మిగిలిన మూడూ నా కౌంటర్ మీద పెట్టాడు. ‘కడుపు తిప్పుతోంది అన్నా. దీనికంటే బీడీయే నయం.’

తప్పు నాది. ఆ గమ్ అలా నమిలేది కాదు. మెల్లగా నమలాలి, నాలుకకు మిరియం లాంటి చురుకు తగలగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నాలుగు సార్లు నమిలి, మళ్లీ బుగ్గన పెట్టాలి. ఇలా అరగంట సాగాలి. టీ, కాఫీ, సోడా తాగి వెంటనే వేసుకుంటే నోటిలోని పులుపుకు మందు సరిగా ఎక్కదు, పదిహేను నిమిషాలు ఆగాలి. ఇదంతా పెట్టెలోని కాగితంలో ఉంటుంది. భూతద్దం పెట్టినా కనపడనంత చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో. మర్నాడు మేస్త్రిని అరుగు మీద కూర్చోబెట్టి, నేనూ ఒక ఉత్త చూయింగ్ గమ్ నోట్లో పెట్టుకుని, గడియారం చూస్తూ నేర్పించాను. దారినపోయేవాళ్లు మా ఇద్దరినీ చూసి నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ ఆయన పద్దెనిమిది రోజులు బీడీ ముట్టలేదు. పంతొమ్మిదో రోజు డబ్బులు అయిపోయాయి.

ఈ లెక్క మీరూ వేసి చూడండి. నా షాపులో ఒక్కో గమ్ పది రూపాయలు పడుతుంది. మామూలుగా చెప్పే వరస పన్నెండు వారాలు. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, అంటే రోజుకు పది అనుకుందాం. తర్వాత మూడు వారాలు రోజుకు ఐదు, ఆఖరి మూడు వారాలు రోజుకు మూడు. మొత్తం 588 గమ్‌లు, 5,880 రూపాయలు. అదే పన్నెండు వారాలు రోజుకు పాతిక బీడీలు తాగితే, బీడీ రూపాయి చొప్పున 2,100 రూపాయలు. మానేశాక జీవితాంతం మిగులే కదా అని చదువుకున్నవారు అంటారు. నిజమే. కానీ సాయంత్రం కూలి చేతిలో పడ్డాక బియ్యం కొనాల్సిన మనిషి జీవితాంతం లెక్క వేయడు, ఆ సాయంత్రం లెక్క వేస్తాడు.

కాబట్టి నా విన్నపాలు ఇవి.

1. నికోటిన్ గమ్, చర్మం మీద అంటించే నికోటిన్ ప్యాచ్ ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇవ్వాలి.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన కోరిక కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్సను (గమ్, ప్యాచ్ లాంటివాటిని) అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన కేంద్ర ప్రభుత్వం 2022లో విడుదల చేసిన జాతీయ అత్యవసర మందుల జాబితాలోనూ అది ఉంది. ‘అత్యవసరం’ అని మీరే రాసుకున్న మందు పల్లె ఆసుపత్రి అలమరలో లేకపోతే ఆ మాటకు అర్థం ఏమిటి? ఇది పనిచేస్తుందా అన్న సందేహం కూడా అక్కర్లేదు. గమ్, ప్యాచ్ లాంటివి వాడితే, ఏమీ వాడకుండా మానడానికి ప్రయత్నించిన దానికంటే మానగలిగే అవకాశం 50 నుంచి 60 శాతం పెరుగుతుందని, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ వందకు పైగా పరిశోధనలను కలిపి చూసి 2018లో చెప్పింది.

బీపీ బిళ్ల ఉచితం, షుగరు బిళ్ల ఉచితం. గొంతు క్యాన్సర్ వస్తే శస్త్రచికిత్సకూ కీమోకూ ఎన్టీఆర్ వైద్య సేవ కింద ప్రభుత్వమే లక్షలు కడుతుంది. అందుకు చేతులెత్తి దండం పెడతాను. కానీ ఆరు వేలతో ఆగిపోయే అవకాశం ఉన్నదాన్ని లక్షల దాకా ఎందుకు రానివ్వాలి? గమ్ వాడినవారంతా మానేస్తారని నేను చెప్పను. అప్పు పుస్తకం వెనక పేజీల్లో గమ్ కొన్నవారి గుర్తులు రాసుకుంటున్నాను, వారిలో ఎక్కువ మంది రెండో వారం తర్వాత కనపడలేదు. కనపడనివారిలో డబ్బు లేక రానివారెందరో, గమ్ పడక రానివారెందరో తెలిసేది ఉచితంగా ఇచ్చినప్పుడే.

2. రెండు మిల్లీగ్రాములతో సరిపెట్టవద్దు.

డాక్టరు చీటీ లేకుండా నేను ఇవ్వగలిగేది రెండు మిల్లీగ్రాముల గమ్ మాత్రమే. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి బీడీ ముట్టించేవారికి అది చాలదు, నాలుగు మిల్లీగ్రాములది కావాలి. దానికి చీటీ కావాలి. యార్డు హమాలీల్లో నాకు తెలిసినవారంతా అలా లేవగానే ముట్టించేవారే. చాలని మందు వాడి, ‘ఇది పనిచేయదు’ అని తేల్చుకుని, తోటివాళ్లకూ అదే చెబుతారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లు ‘నిద్ర లేచాక ఎంతసేపటికి మొదటిది?’ అని ఒక్క ప్రశ్న అడిగి, అవసరమైతే నాలుగు మిల్లీగ్రాములు రాసేలా స్పష్టమైన ఆదేశం ఇవ్వాలి.

3. తెలుగులో, బొమ్మలతో, పెద్ద అక్షరాలతో వాడకం కాగితం ఇవ్వాలి. ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు గమ్ ఎలా వాడాలో చేసి చూపించే శిక్షణ ఇవ్వాలి. అరుగు మీద నాకు పట్టింది అరగంట.

4. సుగ్గికి వెళ్లేవారిని మధ్యలో వదిలేయవద్దు.

బయటివారికి ఈ మాట తెలియకపోవచ్చు. ఆదోని, కోసిగి, పెద్దకడుబూరు వైపు నుంచి ఏటా వేల కుటుంబాలు పత్తి తీయడానికి, మిరప కోయడానికి గుంటూరు వైపు వలస వెళ్తాయి. దాన్నే మేము సుగ్గి అంటాం. ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను వదిలి, పిల్లలను వెంటబెట్టుకుని లారీ ఎక్కుతారు. పన్నెండు వారాల చికిత్స ఏ ఊళ్లో మొదలై ఏ ఊళ్లో పూర్తవుతుంది? మా మేస్త్రి రెండోసారి ప్రయత్నించినప్పుడు కొంత మందు అప్పుగా ఇచ్చాను. ఐదో వారంలో మిరప కోతలు వచ్చాయి, ఇంటిల్లిపాదీ వెళ్లారు. తిరిగి వచ్చేసరికి చెవి మీద బీడీ ఉంది. ‘అక్కడ ఎవరిని అడగాలన్నా?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఒక ఊరి ఆరోగ్య కేంద్రంలో మొదలైన చికిత్సను రాష్ట్రంలో ఏ ఊళ్లోనైనా కొనసాగించేలా ఒక చీటీ ఇవ్వండి. రేషను ఏ ఊళ్లోనైనా తీసుకునే ఏర్పాటు చేసిన ప్రభుత్వానికి ఇది కష్టమైన పని కాదు.

5. క్షయ రోగులతో మొదలుపెట్టండి.

ఒకేసారి అందరికీ ఇవ్వడానికి డబ్బు లేదంటారా, ఒప్పుకుంటాను. పొగ తాగేవారికి క్షయ వచ్చే ముప్పు తాగనివారి కంటే రెట్టింపు దాకా ఉంటుంది. వచ్చాక పొగ మానకపోతే చికిత్స సరిగా ఫలించదు. టీబీ మందు ఉచితంగా ఇస్తారు, పోషకాహారానికి నెల నెలా డబ్బు వేస్తారు. ఆరు నెలలు ఆ రోగి మీ కళ్ల ముందే ఉంటాడు. అదే చేత్తో గమ్ కూడా ఇవ్వడానికి అడ్డేమిటి?

6. బీడీ మీద పన్ను తగ్గించి, మానిపించే మందు మీద పన్ను వేయడం ఏ లెక్క?

2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి బీడీ మీద పన్నును 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. బీడీ చుట్టే మహిళల బతుకుదెరువు కోసమన్న మాట వినిపించింది. మా జిల్లాలోనూ ఇంటి గడపలో చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు ఉన్నారు. వారి నోటి కూడు తీయమని నేను అడగను. కానీ వారికి కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. తగ్గిన పన్నులో ఎంత ఆ వెయ్యికి కలిసిందో ఎవరైనా వెళ్లి అడిగారా? బీడీ కార్మికుల సంక్షేమానికి వసూలు చేసే సెస్సును 2017లో జీఎస్టీతో పాటే ఎత్తేశారు. వారి మీద అంత ప్రేమ ఉంటే అది తిరిగి తెచ్చి, వారికి మరో పని నేర్పడానికి ఖర్చు పెట్టవచ్చు. గమ్, ప్యాచ్ మీద పన్ను పూర్తిగా తీసేయండి.

విడి బీడీల అమ్మకం గురించి కూడా చెప్పాలి. మహారాష్ట్ర 2020లో విడి సిగరెట్లు, బీడీల అమ్మకాన్ని నిషేధించింది. మన దగ్గరా అలాగే చేయాలని నిరుడు అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. గమ్ షీటును కత్తెరతో కత్తిరించి నాలుగు ఇచ్చేవాణ్ని నేనే కదా. అయితే ఒక నష్టం మాత్రం కళ్ల ముందు ఉంది. పొగాకు మానాలనుకునేవారికి ఉచిత సలహా ఇచ్చే జాతీయ ఫోను నంబరు 1800-11-2356. 2018 సెప్టెంబరు నుంచి అది పెట్టెల మీద, కట్టల మీద ముద్రిస్తున్నారు. విడిగా కొనేవాడికి ఆ నంబరు ఏనాటికీ కనపడదు. కనీసం పాన్ బంకు మీద, టీ బంకు మీద, యార్డు గేటు మీద తెలుగులో రాయించండి. రంగు, కుంచె ఖర్చు నేను పెట్టుకుంటాను, అనుమతి ఇవ్వండి చాలు.

7. ఈ-సిగరెట్లను నిషేధించిన 2019 చట్టాన్ని నిజాయితీగా తిరగేసి చూడండి.

ఇక్కడ నన్ను తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

కేంద్రం 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు తెచ్చి, డిసెంబరులో చట్టం చేసి ఈ-సిగరెట్ల (నికోటిన్ ద్రవాన్ని కాల్చకుండా ఆవిరి చేసి పీల్చే గొట్టాల) తయారీ, దిగుమతి, అమ్మకం, రవాణా, ప్రచారం అన్నీ నిషేధించింది. పొగాకును కాల్చకుండా వేడి చేసే పరికరాలు కూడా అందులోకే వస్తాయి. మొదటి నేరానికి ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా. మళ్లీ చేస్తే మూడేళ్లు, ఐదు లక్షలు. నిల్వ ఉంచుకున్నా ఆరు నెలల దాకా జైలు. బీడీ, సిగరెట్టు సంగతి చూడండి. 2003 చట్టం ప్రకారం 18 ఏళ్లలోపువారికి అమ్మకూడదు, బడికి 100 గజాలలోపు అమ్మకూడదు, బహిరంగ స్థలంలో తాగితే 200 రూపాయల దాకా జరిమానా. పెద్దవారికి అమ్మకం మాత్రం స్వేచ్ఛే. అంటే కాల్చేదానికి బంకు, కాల్చనిదానికి జైలు. ఇదే మన విధానం.

నిషేధం తెచ్చిన రోజుల్లో ఉన్న భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అమెరికాలో 2019లో హైస్కూలు పిల్లల్లో 27.5 శాతం మంది ఈ-సిగరెట్లు వాడుతున్నట్టు అక్కడి సర్వేలో తేలింది. అదే ఏడాది నుంచి 2020 ఫిబ్రవరి దాకా అక్కడ ఇలాంటి గొట్టాలు పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిని 68 మంది చనిపోయారు. ఆ మరణాలకు ప్రధాన కారణం గంజాయి సారం నింపిన గొట్టాల్లో కలిపిన విటమిన్ ఈ అసిటేట్ అని తర్వాత తెలిసింది. పిల్లల విషయంలో మాత్రం భయం నూటికి నూరుపాళ్లు నిజం. నాకూ ఇంటర్ చదివే మనవడు ఉన్నాడు. పండ్ల రుచి, మెరిసే పెన్ను లాంటి గొట్టం వాడి చేతికి రావడం నాకు ఇష్టం లేదు.

కానీ బ్రిటన్ ఏమి చేసిందో చూడండి. ఈ-సిగరెట్ వల్ల దీర్ఘకాలంలో వచ్చే హాని పొగ వల్ల వచ్చే హానిలో 5 శాతానికి మించకపోవచ్చని అక్కడి వైద్యుల సంస్థ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో అంచనా వేసింది. 2023లో పది లక్షల మంది పొగరాయుళ్లకు మానడానికి సాయంగా వాటిని ఉచితంగా ఇస్తామని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. అదే దేశం పిల్లల చేతికి చేరుతున్నాయని వాడి పారేసే రకాన్ని 2025 జూన్ 1 నుంచి నిషేధించింది. మానలేని పెద్దలకు ఒక దారి తెరిచి, పిల్లలకు ఆ దారి మూసింది. మనం రెండు తలుపులూ ఒకే తాళంతో మూసి, బీడీ తలుపు బార్లా తెరిచి పెట్టాం.

నేను ఈ-సిగరెట్ల దుకాణాలు తెరవమనడం లేదు. వాటిని చేసే కంపెనీల్లో పెద్దవి సిగరెట్టు కంపెనీలే. వాటి మాట నేను నమ్మను, మీరూ నమ్మవద్దు. మా యార్డు హమాలీకి ఆ గొట్టంతో పనీ లేదు, కొనే స్తోమతా లేదు. నేను అడిగేది రెండే. ఈ చట్టం వచ్చాక నిషేధం ఎంత అమలైంది, దొంగచాటున ఎంత అమ్ముడవుతోంది, పిల్లలు ఎంతమంది వాడుతున్నారు, పొగ తాగేవారు ఎంత తగ్గారు అన్న లెక్కలు ప్రజల ముందు పెట్టండి. నిషేధించిన సరుకు దొరుకుతోందని మీకూ తెలుసు, లేకపోతే 2023లో ఉల్లంఘనలపై ఫిర్యాదులకు ప్రత్యేకంగా ఒక వెబ్‌సైటు తెరిచేవారు కాదు. రెండోది, కంపెనీల డబ్బు తగలని వైద్యులతో ఒక కమిటీ వేసి, గమ్, ప్యాచ్ వాడి కూడా మానలేకపోయిన పెద్దలకు డాక్టరు పర్యవేక్షణలో ఇంకే దారి ఇవ్వవచ్చో తేల్చండి. ‘ఏదీ వద్దు’ అని ఆ కమిటీ చెబితే, కారణాలతో సహా చెప్పనివ్వండి. నేను ఒప్పుకుంటాను.

హాని తగ్గించడం అనే మాట మన ప్రభుత్వానికి కొత్తది కాదు. సూదితో మత్తుమందు ఎక్కించుకునేవారికి హెచ్‌ఐవీ రాకుండా, ఆ సూదికి బదులుగా బ్యుప్రినార్ఫిన్ అనే మందు బిళ్లలు ఇచ్చే కేంద్రాలను ప్రభుత్వమే నడుపుతోంది. 2004లో మనం ఆమోదించిన ప్రపంచ పొగాకు నియంత్రణ ఒప్పందం మొదటి అధికరణంలోనే, పొగాకు నియంత్రణ అంటే సరఫరా తగ్గించడం, గిరాకీ తగ్గించడంతో పాటు హాని తగ్గించడం కూడా అని నిర్వచనం ఉంది. పద్నాలుగో అధికరణం మానడానికి చికిత్స అందించమంటోంది. సంతకం పెట్టింది మనమే.

ఇవన్నీ ఒకేరోజు కావని తెలుసు. ఏడో విన్నపం ఢిల్లీ దాకా వెళ్లాలి, ఆరోది జీఎస్టీ మండలికి వెళ్లాలి. మొదటి ఐదూ రాష్ట్రం చేతిలో ఉన్నవే. ఆదోని డివిజన్‌లో ఒక్క ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆరు నెలలు ప్రయత్నించి చూడండి. లెక్కలు రాయడానికి మనిషి లేడంటే, సాయంత్రం ఆరు తర్వాత నేను వచ్చి రాస్తాను, జీతం వద్దు. ఈసారి ‘పరిష్కరించబడినది’ అనే సందేశం మాత్రం పంపకండి. చేస్తామనో, చేయలేమనో, చేయలేకపోవడానికి కారణం ఇదనో కాగితం మీద రాసి పంపండి.

మేస్త్రి మొన్న కూడా వచ్చాడు. దగ్గు మందు కొని, డబ్బులు లెక్కపెడుతూ, ‘సర్కారు గోళీలు వచ్చాయా అన్నా?’ అని అడిగాడు. ఇంకా రాలేదన్నాను. వారం తిరగకుండా మళ్లీ అడుగుతాడు. అప్పుడు ఏమి చెప్పమంటారో కూడా ఆ కాగితంలోనే రాయండి.

ఇట్లు,
మందుల షాపు యజమాని,
పత్తి మార్కెట్ యార్డు ఎదురు వీధి,
ఆదోని, కర్నూలు జిల్లా